కార్లైల్ 1912: గెలిచింది పిల్లలు, గేటు డబ్బు ఎవరికి?

అమెరికా కాలేజీ క్రీడల్లో డబ్బు గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరుతో నడిచిన కేసులో రాజీ) ప్రకారం ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా తన క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. రెండు నెలలు తిరక్కుండానే, జూలైలో, బయటివాళ్లు డబ్బు గుమ్మరించి ఆటగాళ్లను లాక్కోకూడదంటూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. డబ్బు వచ్చి అమెచ్యూర్ (జీతం తీసుకోని) ఆటను పాడుచేసిందన్న వాదన మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. అక్కడ చదివే మన పిల్లల ఫీజు రసీదుల్లో కూడా చాలాచోట్ల అథ్లెటిక్ ఫీజు ఉంటుంది కాబట్టి ఇది మనకూ పట్టని విషయమేమీ కాదు.

అసలు డబ్బు లేని ఆట ఎప్పుడుంది? అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లల కోసం పెన్సిల్వేనియాలో నడిపిన కార్లైల్ బడి సంగతే చూడండి. ఆదివాసీ పిల్లల్ని అక్కడికి ఎలా తెచ్చారో, వాళ్ల జుట్టూ భాషా ఎలా తీసేశారో ఇప్పటికే చాలామంది రాశారు. 1912లో ఆ బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీని 27-6తో చిత్తు చేసింది. మొదటి సగంలో ఆధిక్యం ఒక్క పాయింటే. రెండో సగంలో సైన్యం జట్టు కెప్టెన్ డెవోర్ సహనం కోల్పోయి కార్లైల్ ఆటగాడు జో గుయాన్ మీద పడి కొట్టడంతో రెఫరీ అతన్ని బయటికి పంపేశాడు. ఆ రోజు సైన్యం తరఫున ఆడినవాళ్లలో తర్వాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు.

కార్లైల్ పిల్లలు చాలా మ్యాచ్‌లు పరాయి మైదానాల్లోనే ఆడేవారు. జనం ఎగబడేది అక్కడే, గేటు డబ్బు (టికెట్ల రాబడి) వచ్చేదీ అక్కడే. ఆ డబ్బంతా కోచ్ పాప్ వార్నర్, సూపరింటెండెంట్ ఫ్రీడ్‌మన్ చేతిలోని అథ్లెటిక్ సంఘానికి వెళ్లేది.

నా దృష్టిలో కథ మలుపు తిరిగింది 1913 జనవరిలో. జట్టు ప్రాణం జిమ్ థోర్ప్ అప్పటికి ఆరు నెలల క్రితమే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. 1909, 1910లో నార్త్ కరొలినాలో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడని ఒక పత్రిక బయటపెట్టింది. కాలేజీ కుర్రాళ్లు చాలామంది మారుపేర్లతో చేసే పనే అది. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. డబ్బుకు ఆడినవాళ్లకు అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. ఫిర్యాదుకు ఒలింపిక్ నిబంధనలు ఇచ్చిన 30 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయినా పతకాలు లాక్కున్నారు. తాను మామూలు ఇండియన్ (ఆదివాసీ) బడి పిల్లాడినని, ఇవన్నీ తనకు తెలియవని క్షమాపణ కోరే ఉత్తరం అతని పేరు మీద వెళ్లింది. దాన్ని రాయించింది వార్నరేనని చాలామంది చరిత్రకారుల నమ్మకం. థోర్ప్ బేస్‌బాల్ సంగతి తనకు తెలియదనే వార్నర్ చెప్పుకున్నాడు. కానీ బేస్‌బాల్‌కు వెళ్లిపోయిన అతన్ని 1911లో బడికి తిరిగి రప్పించింది ఆయనే.

పిల్లలు ఊరుకోలేదు. బడి మీద విచారణ కోరుతూ 200 మందికి పైగా సంతకాలు పెట్టిన అర్జీ వాషింగ్టన్ చేరింది. 1914లో పార్లమెంటు కమిటీ కార్లైల్‌కే వచ్చి కూర్చుంది. కడుపు నిండా తిండి లేదని మామూలు విద్యార్థులు చెప్పుకున్న ఆ బడిలోనే ఆటగాళ్లకు వేరే బస, వేరే భోజనం. వార్నర్ ఇల్లు కట్టింది అథ్లెటిక్ నిధితోనే. హోటల్ లాబీలో కోచ్ టికెట్లు అమ్ముతుండగా చూశానని జట్టు క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపించే ఆటగాడు) గస్ వెల్చ్ సాక్ష్యమిచ్చాడు. వార్నర్ మంచి కోచే గానీ విలువల్లేని మనిషి అన్నాడు. ఆ నిధితో బడికి భవనాలూ వచ్చాయన్నది వార్నర్ పక్షం జవాబు. వచ్చిన మాట నిజమే. కానీ ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని అడిగే హక్కు ఆడినవాళ్లకు లేదు.

ఫ్రీడ్‌మన్ కొలువు పోయింది, కోర్టులో మాత్రం నిర్దోషిగా తేలాడు. వార్నర్ పిట్స్‌బర్గ్ వెళ్లి అక్కడా గెలిచాడు. బడి 1918లో మూతపడింది. థోర్ప్‌ను మళ్లీ ఏకైక విజేతగా ఒప్పుకోవడానికి ఒలింపిక్ కమిటీకి 2022 దాకా పట్టింది.

హౌస్ సెటిల్‌మెంట్ బకాయిలు 2016 తర్వాత ఆడినవాళ్లకే. క్రీడాకారుల్ని ఉద్యోగులుగా చూడకూడదని, యూనివర్సిటీలకు కేసుల నుంచి రక్షణ కావాలని కోరే స్కోర్ బిల్లు మీద వాషింగ్టన్‌లో 2025లో పోరు మొదలైంది.