రోడ్డు తవ్వకాల మీద అపోహలు - వాస్తవాలు: 15 ఏళ్ళుగా గుంతల పక్కన నిలబడి చూసినవి

హైదరాబాద్‌లో రోడ్ల కింద పైపులు వేసే పనిలో ఉన్నాను, సైట్ ఇంజనీర్‌గా. మంచినీళ్ళ లైన్లు, మోరీ లైన్లు, మధ్యలో కొన్నాళ్ళు కేబుల్ పని కూడా. ఎక్కువగా అబిడ్స్, కోఠి, బేగంబజార్ వైపే చేశాను. బారికేడ్ పెట్టీ పెట్టగానే చుట్టూ జనం చేరి అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు, వాళ్ళు అనేవాటిలో కొన్ని నిజమే, కొన్ని సగం నిజం, ఒకటి రెండు మాత్రం ప్రాణాల మీదకి తెచ్చేవి. అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: కొత్త రోడ్డు వేసిన వారానికే తవ్వుతారు, డిపార్ట్‌మెంట్లు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవు.

సగం నిజం. రోడ్డు జీహెచ్‌ఎంసీది, అంటే నగర కార్పొరేషన్‌ది. దాని కింద నీళ్ళ పైపు, మోరీ లైను వాటర్ బోర్డువి, కరెంటు కేబుల్ డిస్కంది (కరెంటు పంపిణీ చేసే కంపెనీ), ఫైబర్ టెలికాం కంపెనీలది, పైన ట్రాఫిక్ పోలీసులది. ఒక్కొక్కళ్ళ బడ్జెట్ ఒక్కో నెలలో శాంక్షన్ అవుతుంది. మాట్లాడుకోరు అనేది మాత్రం కరెక్ట్ కాదు, కోఆర్డినేషన్ మీటింగులు జరుగుతాయి, డ్రాయింగులు పట్టుకుని నేనూ కూర్చున్నా. కానీ పైపు లీకైతే మీటింగ్ దాకా ఆగలేం కదా. తారు రోడ్డుకి నీళ్ళే శత్రువు, కింద లీకు అలా వదిలేస్తే పైన రోడ్డు ఎంత బాగా వేసినా కుంగిపోతుంది. ఇంకొకటి, మీ గల్లీలో కొత్త అపార్ట్‌మెంట్ లేచిందనుకోండి, దానికి నల్లా కనెక్షన్, మోరీ కనెక్షన్ కావాలంటే రోడ్డు కోయాల్సిందే. ఇల్లు కట్టుకునేవాళ్ళు రోడ్డు పడకముందే కనెక్షన్లకి అప్లై చేసుకుంటే సగం కోతలు తప్పుతాయి, ఇది ఎంతమందికి చెప్పినా ఇల్లు పూర్తయ్యాక చూద్దాంలే అంటారు. నాకు బాధ కలిగించే సంగతి ఇంకోటుంది, ముందే ప్లాన్ చేసుకోగలిగిన పనిని కూడా ఎమర్జెన్సీ అని రాసి తవ్వేయడం. అది తప్పే, దాన్ని నేను సమర్థించను.

అపోహ: డబ్బు కడితే ఎవరైనా రోడ్డు కోసుకోవచ్చు.

కాదు. జీహెచ్‌ఎంసీ చట్టం 1955 నాటిది, దాని ప్రకారం కమిషనర్ పర్మిషన్ లేకుండా వీధి తవ్వకూడదు. అప్లికేషన్‌లో స్కెచ్ ఉండాలి, పొడవెంత, వెడల్పెంత, లోతెంత, అది తారు రోడ్డా సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డా, ఎన్ని రోజులు పడుతుంది, అన్నీ రాయాలి. మళ్ళీ బాగుచేసే ఖర్చు, అంటే రెస్టోరేషన్ చార్జీలు, ముందే కట్టాలి, ట్రాఫిక్ పోలీసుల నుంచి అభ్యంతరం లేదని వేరే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, వానాకాలంలో అయితే మామూలు పనులకి పర్మిషన్లు ఆపేస్తారు. టెలికాం వాళ్ళకి వేరే దారి ఉంది, 2025 జనవరి 1 నుంచి కేంద్రం పెట్టిన కొత్త రైట్ ఆఫ్ వే రూల్స్ (లైన్లు వేసుకోడానికి దారి ఇచ్చే నియమాలు) వర్తిస్తాయి. కొన్నేళ్ళ కిందట ప్రధాన రోడ్లలో 709 కిలోమీటర్లని నగరం 5 ఏళ్ళ మెయింటెనెన్స్‌కి ఏజెన్సీలకి అప్పగించింది, ఆ గడువులో ఆ రోడ్ల మీద కోత పడితే పూడ్చి సరిచేసే బాధ్యత ఆ ఏజెన్సీదే ఉండేది. కాబట్టి ఏ రోడ్డు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోకుండా అడుగు కూడా వేయలేం.

ఆ పర్మిషన్ కాపీ సైట్‌లో ఉండాలి. నేనైతే పాలిథిన్ కవర్‌లో పెట్టి బండి డాష్‌బోర్డ్ మీద ఉంచుతా. మీరు అడిగి చూడొచ్చు, కానీ ఎవరూ అడగరు. ఒక్కసారి సుల్తాన్‌బజార్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఇంట్లోంచి టేపు తెచ్చి పైపు కోసం తవ్విన కాలువ వెడల్పు కొలిచారు. రాసిన దానికంటే జానెడు ఎక్కువే ఉంది. ఆయన అరవలేదు, కాగితం మీద వేలు పెట్టి చూపించారంతే. ఆ ఎక్కువ వెడల్పు మేం కొలతల పుస్తకంలో రాసుకుని దానికీ చార్జీ కట్టాం. ఇలాంటివాళ్ళు గల్లీకి ఒక్కరున్నా చాలు.

అపోహ: కింద ఏముందో డ్రాయింగ్‌లో ఉంటుంది, చూసి తవ్వితే సరిపోతుంది.

ఉంటే ఎంత బాగుండేది! 1908లో మూసీ వరదల తర్వాత నగరాన్ని మళ్ళీ తీర్చిదిద్దారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, 1920లో నగరానికి మంచినీళ్ళిచ్చే ఉస్మాన్‌సాగర్ జలాశయం వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఒక దాని మీద ఒకటి ఎన్ని లైన్లు పడ్డాయో, అన్నీ కాగితం మీదకి ఎక్కలేదు. పాత బస్తీల్లో డ్రాయింగ్‌ని నమ్మి జేసీబీ దించితే ప్రమాదమే. అందుకే ముందు ట్రయల్ పిట్, అంటే కింద ఏముందో చూడ్డానికి చిన్న గుంత, మనుషులతో, నెమ్మదిగా.

కోఠిలో ఒక రాత్రి, ఒంటిగంట దాటింది. మా మనిషి పారతో మట్టి తీస్తుంటే ఇసుక తగిలింది, దాని పైన వరసగా పేర్చిన ఎర్ర ఇటుకలు. అది చూడగానే అతను పార పక్కన పెట్టి పైకి వచ్చేశాడు, ఎవరూ చెప్పలేదు. ఇసుక, ఇటుకలు అంటే కింద కరెంటు కేబుల్. మా డ్రాయింగ్‌లో అక్కడ ఖాళీ. డిస్కం వాళ్ళకి ఫోన్ చేశాం, వాళ్ళు వచ్చి చూసి లైను ఎటు పోతోందో గుర్తులు పెట్టేదాకా మూడు రాత్రులు పని ఆగింది. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం "తవ్వి వదిలేసి పోయారు". 2023లో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ ఇలాంటి వాటికోసమే, తవ్వేవాళ్ళు ముందు చెప్తే కింద లైన్లున్నవాళ్ళకి తెలుస్తుంది. వాడాలి, ఇంకా చాలామంది వాడట్లేదు, ముఖ్యంగా చిన్న కాంట్రాక్టర్లు.

అపోహ: పైపు వేసేశారు, గుంత మాత్రం కావాలని వదిలేశారు.

నీళ్ళ పైపు వేశాక జాయింట్లు బయటికి కనపడేలా వదిలి, ప్రెషర్ పెట్టి టెస్ట్ చేస్తాం. జాయింట్ దగ్గర చెమ్మ కనపడితే అక్కడికక్కడే సరిచేయొచ్చు, పూడ్చేశాక తెలిస్తే మళ్ళీ తవ్వాలి. ఆ నాలుగు రోజులు ఓపిక పట్టండి. కానీ బారికేడ్ లేకుండా, రాత్రి లైటు లేకుండా గుంత ఉంటే మాత్రం ఓపిక పట్టకండి, దానికి ఏ సాకూ చెల్లదు.

అపోహ: మట్టి నింపి పైన తారు పోస్తే పని అయిపోయినట్టే.

నేను అసలు రాయాలనుకున్నది ఇదే. రోడ్డు పాడయ్యేది తవ్వినందుకు కాదు, పూడ్చిన తీరుని బట్టి. పైపు కింద, చుట్టూ ఇసుక ఉండాలి, రాళ్ళు రప్పలు తగలకూడదు. తర్వాత మట్టిని జానెడు మందం చొప్పున పొరలుగా వేయాలి, ప్రతి పొర కొంచెం తడిపి ర్యామర్‌తో గట్టిగా దిమ్మిస కొట్టాలి, అది గట్టిపడ్డాకే ఇంకో పొర. తర్వాత కంకర, ఆపైన తారు. మీటరున్నర లోతు కాలువ ఇలా పూడ్చడానికి ఒక రాత్రంతా పడుతుంది, జేసీబీ బకెట్‌తో ఒకేసారి నెట్టేస్తే పది నిమిషాలు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక కాంట్రాక్టర్ దగ్గర ఆ పది నిమిషాల పనే జరిగింది. నేను అక్కడే ఉన్నా, చిన్నవాణ్ణి, ఏమీ అనలేకపోయా. మొదటి వానకే కాలువ పొడవునా రోడ్డు మూరెడు లోతుకి దిగిపోయింది, స్కూటర్ మీద వెళ్తున్న ఒకావిడ పడి చెయ్యి విరిగింది. ఆ తర్వాత నేను ఏ సైట్‌లోనూ పొరలు లెక్కపెట్టకుండా ఇంటికి పోలేదు.

అపోహ: రాత్రిళ్ళు పని చేసేది దొంగచాటుగా కానిచ్చేయడానికి.

కోఠి లాంటి చోట పగలు లేన్ మూస్తే అటు ఆస్పత్రికి పోయే అంబులెన్స్ కూడా ఆగిపోతుంది, పోలీసులే రాత్రి టైం ఇస్తారు. పైగా పగలు పెద్ద లారీలకి సిటీలో ఆంక్షలు. తారు మిక్స్ ప్లాంట్ నుంచి వేడిగా రావాలి, రోలింగ్ అయ్యేలోపు 90 డిగ్రీల కిందికి పడకూడదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ లోడు పనికిరాదు. పని అయ్యాక కూడా రోజుల తరబడి మూసి ఉంచేది ఊరికే కాదు, సీసీ రోడ్డు మూడో రోజుకి గట్టిగానే కనపడుతుంది, అసలు బలం రావడానికి 28 రోజులు, ఏడు రోజులకి దాదాపు మూడింట రెండొంతులే. దారికి అడ్డంగా పెట్టిన డ్రమ్ములు పక్కకి జరిపి కారు పోనిస్తే పగులు అప్పుడే మొదలవుతుంది.

అపోహ: వాన నీళ్ళు నిలిస్తే మోరీ మూత తీస్తే తొందరగా పోతాయి.

దయచేసి తీయకండి. మోరీ లైను ఇళ్ళలోంచి వచ్చే మురుగు కోసం వేసింది, వాన నీళ్ళు పోవాల్సింది వేరే డ్రెయిన్లలోకి, అక్కడ్నుంచి నాలాల్లోకి. మూత తీస్తే రోడ్డు మీది మట్టి, ప్లాస్టిక్, కొబ్బరి బోండాలు అన్నీ లోపలికి పోయి లైను జామ్ అవుతుంది, ఆ మురుగు పల్లంలో ఉన్న ఇళ్ళ బాత్రూముల్లోంచి పైకి తంతుంది. అంతకంటే ముఖ్యం, మోకాలు లోతు నీళ్ళలో తెరిచిన మూత ఎవరికీ కనపడదు. స్కూలు పిల్లలు నడిచే దారి అది. నీళ్ళు నిలిస్తే రోడ్డు పక్కన జాలీల దగ్గర చెత్త అడ్డం పడిందేమో చూసి కర్రతో లాగండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది అడ్డు.

అపోహ: కంప్లైంట్ ఇచ్చినా వేస్ట్.

"రోడ్డు బాగాలేదు" అని ఇస్తే నిజంగానే అది టేబుళ్ళ మధ్య తిరుగుతుంది. నీళ్ళు, మోరీ అయితే వాటర్ బోర్డు 155313, కరెంటు అయితే 1912, రోడ్డు అయితే జీహెచ్‌ఎంసీ 040-21111111. పూడ్చిన కాలువ సరిగ్గా ఉందో లేదో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడండి, ప్యాచ్ అంచు వెంట గీత పడిందా, మధ్యలో నీళ్ళు నిలిచాయా. నిలిస్తే కింద పొరలు సరిగ్గా కొట్టలేదని అర్థం. పక్క షాపు బోర్డు కనపడేలా ఫొటో తీయండి, తవ్విన తేదీ గుర్తుంటే అదీ రాయండి, చాలా పనులకి డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఉంటుంది, ఆ గడువులోపు కుంగితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో మళ్ళీ తవ్వి పూడ్చాలి.