చెయ్యి ఊపాలా, బటన్ నొక్కాలా: అడ్వెంచర్ గేముల కంట్రోల్స్ మీద అపోహలు, వాస్తవాలు

మా బాబాయి కొడుకు ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ గేము ఆడతాడు. తుపాకీ స్కోప్ తెరవగానే రెండు చేతుల్లో ఉన్న ఫోన్‌ని వెంట్రుకవాసి తిప్పి గురి సరిచేసుకుంటాడు. మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆడుతూనే అడిగాడు: "అన్నా, మోషన్ కంట్రోల్స్ ఎప్పుడో ఫెయిలయ్యాయి కదా, నువ్వింకా వాటి మీదే పనిచేస్తున్నావా?"

"మరి నువ్విప్పుడు చేస్తున్నదేమిట్రా?" అన్నాను.

"ఇదా? ఇది గైరో అన్నా."

నేను హైదరాబాద్‌లో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని. ఆడేవాళ్ళ చేతికీ తెర మీద పాత్రకీ మధ్య ఉండే కోడ్ రాయడం నా పని. మోషన్ కంట్రోల్స్ అంటే చేతిలో ఉన్నదాన్ని ఊపి, వంచి, తిప్పి ఆడడం; మావాడి గైరో కూడా అందులోదే. ఈ విషయంలో అపోహలు ఆడేవాళ్ళకే కాదు, గేములు తయారుచేసేవాళ్ళకీ ఉన్నాయి. కొన్నిటిని నేనూ కొన్నాళ్ళు నమ్మాను. ఇక్కడ అడ్వెంచర్ గేముల గురించే ఎక్కువ చెబుతాను. షూటింగ్ గేములో చేతికి ముఖ్యమైన పని గురి చూడడం ఒక్కటే. అడ్వెంచర్ గేములో అదే చెయ్యి కత్తి తిప్పాలి, బాణం వెయ్యాలి, బాంబు దొర్లించాలి, తాళం తియ్యాలి, మధ్యలో తీరిక దొరికితే చేపలు కూడా పట్టాలి.

అపోహ: మోషన్ కంట్రోల్ అంటే ఒకటే టెక్నాలజీ

కనీసం మూడున్నాయి. మొదటిది యాక్సెలరోమీటర్. ఇది త్వరణాన్ని కొలుస్తుంది. గురుత్వాకర్షణ కూడా దానికి కనిపిస్తుంది కాబట్టి, కదలకుండా పట్టుకుంటే కంట్రోలర్ ఎటు వంగి ఉందో చెప్పగలదు. టెంపుల్ రన్‌లో ఫోన్ వంచితే మనిషి పక్కకి జరగడం దీని పుణ్యమే. గట్టిగా ఊపితే మాత్రం అందులో భూమి లాగుడు ఎంతో, మన ఊపు ఎంతో అది విడదీసి చెప్పలేదు. రెండోది గైరోస్కోప్. కంట్రోలర్ ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. మూడోది కెమెరా.

2006లో నింటెండో కంపెనీ తెచ్చిన వీ అనే కన్సోల్ (టీవీకి తగిలించే ఆట యంత్రం) రిమోట్‌లో గైరో లేదు. లోపల యాక్సెలరోమీటర్, ముందు కొసన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, అంతే. టీవీ దగ్గర పెట్టే సన్నటి పట్టీకి 'సెన్సర్ బార్' అని పేరు పెట్టారు గానీ అందులో సెన్సరే లేదు. రెండు చివర్లా ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు. వాటిని చూసేది రిమోట్. ఆ పట్టీ బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా పాయింటర్ పనిచేస్తుంది. కిటికీలోంచి ఎండ నేరుగా పడితే పాయింటర్ పిచ్చిపట్టినట్టు గెంతడానికీ ఇదే కారణం.

ఆ ఏడాదే వచ్చిన జెల్డా గేము ట్వైలైట్ ప్రిన్సెస్ చూడండి. రిమోట్ ఊపితే కథానాయకుడు లింక్ కత్తి విసురుతాడు. కానీ మీరు పైనుంచి కిందకి ఊపారా, పక్కకి ఊపారా అన్నది ఆటకి పట్టదు. ఊపు ఒక హద్దు దాటిందా లేదా, అంతే లెక్క. అంటే అది బటనే. నొక్కే బదులు ఊపుతున్నాం. అదే గేములో రిమోట్‌ని తెర వైపు చూపించి బాణం వెయ్యడం అద్భుతంగా ఉంటుంది. ఒకే రిమోట్, ఒకే ఆట. ఒక పనికి తేలిపోయింది, ఇంకో పనికి స్టిక్‌ని (కంట్రోలర్ మీద బొటనవేలితో తోసే చిన్న పుల్లని) మించింది. మోషన్ మంచిదా, బటన్లు మంచివా అనే వాదనలో నాకు ఆసక్తి లేకపోవడానికి కారణం ఇదే. ఏ పని ఏ సెన్సర్‌కి అప్పగించారన్నదే నేను మొదట చూస్తాను.

అపోహ: గైరో ఉంటే చెయ్యి ఎక్కడుందో గేముకి తెలిసిపోతుంది

తెలియదు. గైరో చెప్పేది వేగం. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. కూడేటప్పుడు చిన్న తప్పు కూడా చేరుతుంది, పోగవుతుంది. సెన్సర్ కదలకుండా ఉన్నప్పుడు కూడా సెకనుకి 0.1 డిగ్రీ తిరుగుతున్నట్టు చెప్పిందనుకోండి, నిమిషం తిరిగేసరికి 6 డిగ్రీలు పక్కకి పోయినట్టే. చేతి వేడికి సెన్సర్ వెచ్చబడితే ఆ తప్పు కూడా మారుతుంది. పైకీ కిందకీ వచ్చే తప్పుని యాక్సెలరోమీటర్ సాయంతో దిద్దొచ్చు, ఎందుకంటే భూమి ఎటుందో దానికి తెలుసు. ఎడమకీ కుడికీ జారే తప్పుని దిద్దడానికి అలాంటి ఆధారం లేదు.

2009లో వీ రిమోట్‌కి గైరో జోడించే మోషన్‌ప్లస్ వచ్చింది. 2011లో వచ్చిన స్కైవార్డ్ సోర్డ్ గేము అది లేనిదే ఆడదు. అందులో పాయింటర్ కూడా చాలావరకు గైరో మీదే నడుస్తుంది. అందుకే కొంతసేపటికి పక్కకి జారుతుంది, ఒక బటన్ నొక్కి మధ్యకి తెచ్చుకోవాలి. "నా రిమోట్ పాడైంది" అని చాలామంది అనుకున్నది దీన్నే. రిమోట్ బాగానే ఉంది. కూడిక అలా పనిచేస్తుంది.

ఇక చెయ్యి గదిలో ఎక్కడుందో సరిగ్గా తెలియాలంటే కెమెరా లాంటి ఇంకో ఆధారం ఏదో ఒకటి ఉండాలి. 2010 నాటి ప్లేస్టేషన్ మూవ్ కంట్రోలర్ కొసన వెలిగే బంతి అందుకే. కెమెరాకి బంతి ఎంత పెద్దగా కనిపిస్తే చెయ్యి అంత దగ్గరగా ఉన్నట్టు.

ఇంకో చిన్న సంగతి. గైరోకి మీరు తిరిగారా, మీరు కూర్చున్న బస్సు తిరిగిందా అన్నది తెలియదు. ఆర్టీసీ బస్సులో గైరో ఆన్ చేసి ఆడేవాళ్ళకి మలుపు దగ్గర గురి ఎందుకు తప్పుతుందో ఇప్పుడర్థమై ఉంటుంది.

అపోహ: నిజంగా చేత్తో చేస్తున్నాం కాబట్టి బటన్ కన్నా సహజం

దీన్ని నేను గట్టిగా నమ్మాను, గట్టిగానే దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న అడ్వెంచర్ గేముకి కత్తియుద్ధం రాశాను. గైరో లెక్కలన్నీ సరిచూసుకున్నాను. నేను ఆడితే పదికి పది దెబ్బలు సరిగ్గా పడ్డాయి. పక్క టీమ్ వాళ్ళని పిలిచి కంట్రోలర్ చేతికిచ్చాను. వాళ్ళు కుడి నుంచి ఎడమకి కొడుతుంటే తెర మీద కత్తి ఎడమ నుంచి కుడికి పోతోంది. నా కోడ్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమోనని సాయంత్రం దాకా వెతికాను. కోడ్ సరిగ్గానే ఉంది.

రోకలి ఎత్తకుండా దంచలేం కదా. కుడి నుంచి ఎడమకి కొట్టబోయే మనిషి ముందు చేతిని ఇంకాస్త కుడికి లాగుతాడు. నా ప్రోగ్రాము ఆ లాగడాన్నే దెబ్బ అనుకుంది. నాకు సరిగ్గా పడటానికి కారణం, రోజంతా పరీక్షించీ పరీక్షించీ నేను మణికట్టుతో మాత్రమే విదిలించడం అలవాటు చేసుకోవడం. నేను ప్రోగ్రాముకి మనుషుల గురించి నేర్పించాననుకున్నాను, అదే నాకు తనతో ఎలా మెలగాలో నేర్పించింది.

దీనికి పూర్తి మందు లేదు. కాస్త ఆగి, కదలిక ఎటు పోతోందో చూసి నిర్ణయిద్దామంటే ఆలస్యం వస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) నడిచే ఆటలో ఆరు ఫ్రేములు ఆగితే 100 మిల్లీసెకన్లు పోయినట్టు. బటన్ విషయంలో ఇలా ఆగాల్సిన పనే లేదు, నొక్కగానే సంగతి తేలిపోతుంది. పోనీ హద్దు పెంచి, గట్టిగా ఊపితేనే దెబ్బ అందామంటే గంటకే భుజాలు పట్టేస్తాయి. మేము మూడు వారాలు ఈ రెండిటి మధ్యే ఊగిసలాడాం.

స్కైవార్డ్ సోర్డ్ ఇక్కడ తెలివైన పని చేసింది. రిమోట్‌ని నెమ్మదిగా కదిపితే లింక్ చేతిలో కత్తి ఊరికే మీ చేతిని అనుసరిస్తుంది, విసురుగా కదిపితేనే దెబ్బ. పైగా శత్రువు మీ కత్తి ఎటుందో చూసి అటు అడ్డం పెడతాడు. గిరాహిమ్ అనే ప్రతినాయకుడైతే మొదటి పోరాటంలో తన చెయ్యి ఉన్న వైపు నుంచి కొడితే కత్తినే పట్టేసుకుంటాడు. కత్తిని ఒక పక్క చూపించి మురిపించి, ఇంకో పక్క నుంచి కొట్టాలి. చేతి కదలిక ఇక్కడ కేవలం బటన్‌కి మారువేషం కాదు, దానికే ఒక అర్థం ఉంది. అయినా చెయ్యి వెనక్కి లాగితే దెబ్బగా చదివే ఇబ్బంది అక్కడా పూర్తిగా పోలేదు.

మరొకటి ఎవరూ తప్పించలేనిది. తెర మీద కత్తి డాలుకి తగిలి ఆగిపోతుంది. గాలిలో మీ చెయ్యి ఆగదు. కంట్రోలర్ ఎంత కంపించినా ఆ లోటు తీరదు.

అపోహ: మోషన్ గేముని బటన్లకి మార్చడం ఒక రోజు పని

మేనేజర్లు ఎక్కువగా నమ్మే అపోహ ఇది. "ఊపితే కొట్టడం బదులు నొక్కితే కొట్టడం, అంతేగా!"

స్కైవార్డ్ సోర్డ్ హెచ్‌డీ 2021లో నింటెండో వాళ్ళ తర్వాతి కన్సోల్ స్విచ్‌కి వచ్చినప్పుడు మోషన్ అక్కర్లేని పద్ధతి కూడా ఇచ్చారు. కత్తిని కుడి స్టిక్‌కి పెట్టారు. ఎటు తోస్తే అటు దెబ్బ, స్టిక్‌నే లోపలికి నొక్కితే పొడవడం. బాగానే ఉంది. కానీ మామూలుగా కుడి స్టిక్ పని కెమెరా తిప్పడం. ఇప్పుడు కెమెరా తిప్పాలంటే ఎల్ బటన్ పట్టుకుని ఉంచాలి. పదేళ్ళుగా కుడి బొటనవేలితో చుట్టూ చూసే అలవాటున్న మనిషి, ఊరికే పక్కకి చూద్దామనుకుని కత్తి దూసేస్తాడు. వేరే దారి మాత్రం ఏముంది? శత్రువులంతా దిక్కు చూసి అడ్డుకునేవాళ్ళే. దెబ్బ దిక్కుని ఒక్క బటన్‌కి కుదిస్తే పోరాటాలన్నీ మళ్ళీ కట్టాలి.

ఇటు నుంచి అటు మార్చడమూ అంతే. ట్వైలైట్ ప్రిన్సెస్ మొదట వీకి ముందున్న కన్సోల్ గేమ్‌క్యూబ్ కోసం మొదలైన ఆట, లింక్ ఎడమచేతి వాటం. వీ రిమోట్‌ని ఎక్కువమంది కుడిచేత్తో పట్టుకుంటారు. కుడిచెయ్యి ఊపితే ఎడమచెయ్యి కదలడం ఎబ్బెట్టు. లింక్ ఒక్కడినే మారిస్తే యానిమేషన్లన్నీ మళ్ళీ చెయ్యాలి. అందుకని మొత్తం ప్రపంచాన్నే అద్దంలో చూపించినట్టు తిప్పేశారు. ఊళ్ళు, దారులు, గుహలు అన్నీ తారుమారు. వీ ఆటలో పొద్దు పడమట పొడుస్తుంది! అసాధ్యమైనదానికి మనం వాడే మాటని నింటెండో వాళ్ళు ఒక కంట్రోలర్ కోసం చేసి చూపించారు.

ముందే ఇంకో దారి ఉంచకపోతే ఏమవుతుందో ప్లేస్టేషన్ 3 గేము లెయిర్ చెబుతుంది. 2007లో డ్రాగన్‌ని నడపడానికి కంట్రోలర్ వంచడం ఒక్కటే మార్గంగా వచ్చింది, తిట్లు తిన్నది. 2008లో అప్‌డేట్ ఇచ్చి స్టిక్‌తో ఆడే వీలు కల్పించారు. అప్పటికి వచ్చిన చెడ్డపేరు పోలేదు.

అపోహ: స్టిక్ ఖచ్చితం, గైరో పిల్లలాట

గురి విషయంలో ఇది తలకిందుల మాట. స్టిక్ తోస్తే గురి 'ఇంత వేగంతో కదులు' అన్నట్టు. సరైన చోటికి రాగానే మీరు వదలాలి. కాస్త ఆలస్యమైతే దాటిపోతుంది, మళ్ళీ వెనక్కి. కంట్రోలర్ గేముల్లో ఎయిమ్ అసిస్ట్ (గురి చూడడంలో ఆటే చేసే సాయం) ఉండేది అందుకే. గైరోలో చెయ్యి ఎంత తిరిగితే గురి అంత, మౌస్ లాగా. 2017 నాటి జెల్డా గేము బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో బాణం వేసేటప్పుడు స్టిక్‌తో దాదాపు అటు తిరిగి, చివరి పిసరు గైరోతో దిద్దుకునే తీరు నా దృష్టిలో ఇప్పటికీ మంచి పాఠం. ఇష్టం లేకపోతే ఆపేసుకోవచ్చు కూడా.

అదే గేములో కంట్రోలర్‌ని వంచి బంతిని చిక్కుదారిలో దొర్లించే పజిల్ ఒకటుంది. తెర ఉన్న స్విచ్‌నే చేత్తో పట్టుకుని ఆడే పద్ధతిలో చిక్కుదారి వంచితే తెరే పక్కకి తిరిగిపోతుంది, మెడ దాని వెనక పోవాలి. ఆడేవాళ్ళు ఏం చేశారో తెలుసా? చిక్కుదారిని బోర్లా తిప్పి, చదునైన వెనకవైపు మీద బంతిని దొర్లించేశారు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో గైరో లేకపోవడం వల్ల అన్ని కన్సోళ్ళకీ వచ్చే చాలా గేములు గైరోని పట్టించుకోవు. దాని ఖచ్చితత్వం గురించి అపోహ నిలవడానికి ఇదొక పెద్ద కారణం అనుకుంటాను. ఒక్కసారి కూడా చేతికి తగలనిదాన్ని ఎవరు మెచ్చుకుంటారు?

అపోహ: వైబ్రేషన్, మోషన్ ఒక కంట్రోలర్‌లో ఇమడవు

ప్లేస్టేషన్ 3 మొదటి కంట్రోలర్‌లో వైబ్రేషన్ తీసేసినప్పుడు వినిపించిన మాట. ఆ రోజుల్లోనే వచ్చిన వీ రిమోట్‌లో రెండూ ఉన్నాయి, ప్లేస్టేషన్ 3కి తర్వాత వచ్చిన డ్యూయల్‌షాక్ 3 కంట్రోలర్‌లోనూ పెట్టారు. వదిలేద్దాం.

అపోహ: మోషన్ అయితే అందరికీ సులువు

బటన్ల పేర్లు తెలియని అమ్మమ్మ కూడా రిమోట్ ఊపి, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆడగలదు, నిజమే. భుజం నొప్పి ఉన్న మనిషికీ, చెయ్యి వణికేవాళ్ళకీ, ఒక్క చేత్తో ఆడేవాళ్ళకీ అదే ఊపు గోడలా అడ్డం నిలుస్తుంది. వాళ్ళలో కొందరికి పెద్ద బటన్లే దారి. కొందరికి బొటనవేళ్ళలో పట్టు లేక స్టిక్ కన్నా గైరోయే హాయి. ఎవరికేది కుదురుతుందో మనం ఊహించలేం కాబట్టి సెట్టింగుల్లో రెండూ ఉండాలి.

నా కత్తియుద్ధం సంగతి: చివరికి కత్తిని బటన్‌కే ఇచ్చేశాం. లాంతరు పట్టుకుని గుహలో వెతకడం, విల్లు ఎక్కుపెట్టడం గైరోకి వదిలాం.

మీరు ఇంట్లో గైరో కొత్తగా ప్రయత్నిస్తుంటే, గురి చూసేటప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకోండి. సెన్సిటివిటీ తక్కువతో మొదలుపెట్టి, పెద్ద మలుపులు స్టిక్‌కి వదిలెయ్యండి. మూడు నాలుగు సాయంత్రాలు ఓపిక పట్టండి, మొదటి రోజు ఎవరికైనా చిరాగ్గానే ఉంటుంది. కాలిబ్రేట్ చెయ్యమన్నప్పుడు (సెన్సర్ తప్పుని సరిచూసుకునేటప్పుడు) మాత్రం కంట్రోలర్‌ని బల్ల మీద కదలకుండా పెట్టండి. ఒళ్ళో పెట్టుకుని చేస్తే మీ ఊపిరికి కదిలే కదలిక కూడా లెక్కలో కలిసిపోతుంది.