వెబ్ ఫిల్టర్ ఎంపిక: వివాదం వెనుక 2018

సంస్థల నెట్‌వర్క్‌కు ఎలాంటి వెబ్ ఫిల్టర్ (తెరవకూడని సైట్లను అడ్డుకునే సాధనం) కొనాలన్న వాదన మళ్ళీ రాజుకుంది. 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు అందుబాటులోకి తెచ్చిన ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో అనే పద్ధతి, ఉద్యోగి తెరవబోయే సైటు పేరు నెట్‌వర్క్‌కు కనిపించకుండా చేస్తుంది. కాబట్టి రాకపోకలన్నిటినీ మధ్యలో డిక్రిప్ట్ చేసి (సంకేత రూపం విప్పి) చూడక తప్పదన్నది విక్రేతల మాట.

నిషిద్ధ సైట్ల జాబితాలు, రాకపోకలను మధ్యలో నిలిచి చేరవేసే ప్రాక్సీ సర్వర్ల నాటి సంగతులు తెలిసినవే. నేటి చిక్కుముడి పడింది 2018లో. ఆ జులైలో క్రోమ్ 68 ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేసింది. ఆగస్టులో వెలువడిన టీఎల్‌ఎస్ 1.3 (వెబ్ ఎన్‌క్రిప్షన్ ప్రమాణానికి అప్పటి కొత్త రూపం), అంతవరకు బాహాటంగా వెళ్ళే, సైటు గుర్తింపును ధ్రువీకరించే సర్వర్ సర్టిఫికెట్‌ను ఎన్‌క్రిప్షన్ చాటుకు చేర్చింది. అక్టోబరులో వచ్చిన ప్రమాణంతో సైటు పేరుకు నెట్‌వర్క్ చిరునామా అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్నలు సైతం ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో ప్రయాణించే వీలు కలిగింది. ఫిల్టర్‌కు మిగిలిన ప్రధాన ఆనవాలు, కనెక్షన్ మొదట్లో బ్రౌజర్ పంపే సైటు పేరు ఒక్కటే; ఇప్పుడు దానికీ ముసుగు పడుతోంది.

ఎన్‌క్రిప్షన్ మాటున మాల్వేర్ కూడా వస్తుందని విక్రేతలు అనడంలో అబద్ధం లేదు. అయితే డిక్రిప్షన్ అంటే ప్రతి కంప్యూటర్‌లో సంస్థ సొంత రూట్ సర్టిఫికెట్‌ను (ఇతర సర్టిఫికెట్లకు హామీగా నిలిచే మూల సర్టిఫికెట్‌ను) నమ్మించి, అసలు సర్వర్ స్థానంలో ఫిల్టర్‌ను నిలబెట్టడమే. అప్పుడు అవతలి సర్టిఫికెట్ మంచిదో కాదో తేల్చేది బ్రౌజర్ కాదు, ఫిల్టర్. ఇలాంటి కొన్ని ఉత్పత్తులు ఆ తనిఖీ సరిగా చేయడం లేదని 2017 మార్చిలోనే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్-సర్ట్ హెచ్చరించింది. పైగా తమ సర్టిఫికెట్‌ను తప్ప మరొకదాన్ని ఒప్పుకోని యాప్‌లు ఆగిపోతాయి; నిర్వాహకుడు వాటిని ఒక్కొక్కటిగా మినహాయింపుల జాబితాలో చేరుస్తాడు. బ్యాంకు, వైద్య సైట్లను గోప్యత కోసం ముందే వదిలేస్తారు. ‘అన్నీ చూస్తాం’ అని కొన్న పరికరం చూడనివి క్రమేణా పెరుగుతూ పోతాయి.

విక్రేతల ప్రచారంలో అంతగా వినిపించని సంగతి మరొకటి ఉంది. సంస్థ నిర్వహణలోని కంప్యూటర్లలో సైటు పేరును దాచే ఆ కొత్త ముసుగును బ్రౌజర్ పాలసీతోనే (నిర్వాహకుడు అన్ని కంప్యూటర్లకూ పెట్టే బ్రౌజర్ సెట్టింగ్‌తోనే) ఆపివేయవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ ఆ సదుపాయం ఉంది. అప్పుడు సైటు పేరు ఆధారంగా, డీఎన్‌ఎస్ స్థాయిలో చేసే వడపోత చాలా కార్యాలయాలకు సరిపోతుంది. ఉద్యోగుల సొంత ఫోన్ల మాట వేరు. వాటిపై ఈ పాలసీ చెల్లదు, రూట్ సర్టిఫికెట్ వేయడమూ అంత సులభం కాదు. వాటికి వేరే వై-ఫై ఇవ్వడమే మేలు.

డిక్రిప్షన్ తప్పనిసరి అనుకునే సంస్థ, కొనేముందు గడువు తీరిన సర్టిఫికెట్ ఉన్న పరీక్షా పేజీని ఆ ఫిల్టర్ వెనుక నుంచి తెరిచి చూడాలి. హెచ్చరిక ఏదీ లేకుండా పేజీ తెరుచుకుంటే ఆ ఉత్పత్తిని పక్కన పెట్టవలసిందే.