అపోహలు - వాస్తవాలు: కాగబెడితే ఫ్లోరైడ్ పోదు

బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి అని నేను ఎవరికి చెప్పినా వచ్చే మొదటి జవాబు ఒకటే, 'మేం కాగబెట్టుకునే తాగుతాం సార్'. ఏళ్ళ తరబడి కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఊళ్ళ నుంచి వచ్చే శాంపిళ్ళు చూస్తున్నాను, ఈ మాట విని విని విసుగొచ్చింది. ఇంత నష్టం చేసిన అపోహ మా పనిలో ఇంకోటి లేదు, అందుకే ఇవాళ దీని గురించే గట్టిగా రాస్తున్నా.

కాగబెడితే చచ్చేవి క్రిములు. ఫ్లోరైడ్ క్రిమి కాదు, రాళ్ళలోంచి నీళ్ళలోకి దిగే ఖనిజం, ఆవిరై పోయేదీ కాదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్ళు 5 లీటర్లు తీసుకుని 4 లీటర్లయ్యేదాకా మరిగించారనుకోండి, అది రెండున్నర అవుతుంది. ఉండాల్సింది 1 లోపు, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా. అంటే పిల్లల మీద ప్రేమతో ఎంత ఎక్కువసేపు మరిగిస్తే అంత ఎక్కువ పట్టిస్తున్నట్టు.

కనిగిరి దగ్గర ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ మనవడి కోసం కట్టెల పొయ్యి మీద విడిగా నీళ్ళు కాచేది. 'ఇరవై నిమిషాలు తెర్లనిస్తా నాయనా, అయినా వీడి పళ్ళు ఇట్టా పసుపు గార పట్టినాయి, తోమడం లేదని వాళ్ళమ్మ రోజూ కొడతా ఉంది' అంది. ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌తో చూస్తే ఎర్రగా ఉండాల్సిన రంగు పసుపుకు తిరిగింది, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. అమ్మా, ఉప్పు నీళ్ళు కాగబెడితే చప్పబడతాయా అనడిగా. కాసేపు ఆలోచించి 'ఇంకా ఉప్పెక్కుతాయి గదయ్యా' అని, పొయ్యి వంక చూస్తూ కూర్చుంది. ఆ మొహం చూశాక ఇంకేం చెప్పబుద్ధి కాలేదు, ఆ గార తోమకపోవడం వల్ల కాదు, నీళ్ళ వల్ల, పిల్లాణ్ణి కొట్టొద్దని మాత్రం చెప్పి వచ్చా.

మన ప్రాంతానికి ఇది కొత్త సంగతేం కాదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు, మన దేశంలో దాన్ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా, కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా 'మా బోరు నీళ్ళకి పప్పు భలే ఉడుకుద్ది, సబ్బు నురగ బాగా వస్తది, మంచి నీళ్ళే' అంటారు. అసలు మోసం అక్కడే ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో చాలాసార్లు కాల్షియం తక్కువుంటుంది, అందుకే పప్పు ఉడుకుతుంది. పప్పు ఉడికింది కాబట్టి నీళ్ళు మంచివి అనుకుంటే ఎట్లా?

ఇంకో సంగతి. తాగడానికి క్యాన్ కొంటారు, వంటకు మాత్రం బోరు నీళ్ళే. అన్నం, పప్పు ఆ నీళ్ళన్నీ పీల్చుకుంటాయి, టీ సంగతి చెప్పక్కర్లేదు, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. మా అత్తగారింట్లో కూడా ఇదే తంతు, నేను చెబితే వినలేదు, బయటివాళ్ళు ఎవరో చెబితే విన్నారు. తాగే నీళ్ళతోనే వండండి.

పళ్ళ మీద గీతలు చూసి మా పిల్ల కాళ్ళు వంకరపోతాయా అని ఏడ్చే తల్లులుంటారు. అమ్మా, టెన్షన్ పడొద్దు. పళ్ళు లోపల తయారయ్యే చిన్న వయసులో తాగిన నీళ్ళ గుర్తు అది. ఎముకల దాకా రావాలంటే ఇంకా ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోవాలి. ఇప్పుడే నీళ్ళు మార్చండి, పాలు, రాగులు, ఉసిరి పెట్టండి. పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ దీనివల్లే అని కూడా అనుకోవద్దు, డాక్టర్‌కి చూపించండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. లోతు బోరు అయితే శుభ్రం అన్నది అబద్ధం, మన మెట్ట రాళ్ళలో ఎక్కువకాలం నిలిచిన నీటిలోకే ఫ్లోరైడ్ ఎక్కువ దిగుతుంది. పక్కింటి బోరు రిపోర్టు మీకు పనికిరాదు. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు ముంచి చూపించే టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక లెక్క చూపిస్తుంది అంతే, క్రిములనూ చెప్పదు, ఫ్లోరైడ్‌నూ చెప్పదు. రాగి బిందె, నీళ్ళు తేరుకోవడానికి వేసే చిల్లగింజ, చిటికెడు పటిక, వీటితో ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం లెక్క ప్రకారం కలిపి తీసే నల్గొండ పద్ధతి ఉంది గానీ అది చిటికెలతో అయ్యే పని కాదు. ఆర్ఓ మిషన్ తీస్తుంది, కానీ దాన్నుంచి వచ్చే నీళ్ళూ అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

ఇదంతా చదివి చేదబావి నీళ్ళు కాగబెట్టడం మానేయకండి బాబూ! 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు చూశాం కదా, వరద నీరు చేరిన బావికి కాగబెట్టడమే రక్ష, బ్లీచింగ్ కూడా కావాలి. మామూలు రోజుల్లో మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. ఆరడుగుల వెడల్పు బావిలో పదడుగుల నీళ్ళుంటే సుమారు 8 వేల లీటర్లు, అంటే 20 గ్రాములు. వరద తర్వాత ఇది చాలదు, మోతాదు ఊళ్ళో నీటి సరఫరా వాళ్ళను అడిగి వేయండి. పొడి నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట బావిలో పోసి చేదతో బాగా కలిపి, రాత్రంతా వదిలేస్తే మంచిది. తెరిచి పెట్టిన పాత పౌడరులో సత్తువ ఉండదు. మరుగుదొడ్డి గుంత బావికి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి.

శాంపిల్ తెచ్చేవాళ్ళకు ఒక మనవి. వానలయ్యాక ఒకసారి, ఎండాకాలం ఒకసారి తెండి. ఫ్లోరైడ్‌కైతే శుభ్రమైన ప్లాస్టిక్ సీసా, అవే నీళ్ళతో రెండు మూడుసార్లు తొలిచి పట్టండి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబ్‌లో ఇచ్చే సీసానే వాడి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. నిన్న ఒకాయన కూల్‌డ్రింకు సీసాలో తెచ్చాడు, మూత తీస్తే నారింజ వాసన.