సిగ్నల్ ఫుల్, వీడియో నిల్

భువనగిరి దాటాక రైలు ఊపందుకుంది. ఫోన్లో సిగ్నల్ ఫుల్‌గానే ఉంది, వీడియో మాత్రం తిరుగుతూ కూర్చుంది. ఎదురు బెర్తు పెద్దాయన "ఇక్కడ టవర్లు లేవండీ" అని తేల్చేశారు.

టవర్లకేం, ఉన్నాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, రెండు కిలోమీటర్లకో టవర్ అనుకున్నా ఫోన్ నిమిషానికోసారి టవర్ మారాలి. 4జీలో ఫోన్ పాత టవర్‌ని వదిలాకే కొత్తదాన్ని పట్టుకుంటుంది. సాఫీగా జరిగితే అది మనకు తెలియను కూడా తెలియదు. 'మారు' అన్న ఆదేశం అందకముందే పాత సిగ్నల్ తెగిపోతేనే చిక్కు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది. ఎక్కడో ఉన్న సర్వర్‌కి మన రైలు సంగతి తెలియదు. చాలా డేటా టీసీపీ అనే పద్ధతిలో నడుస్తుంది: పంపినదానికి 'అందింది' అని కబురు రావాలి, రాకపోతే దారిలో రద్దీ ఉందనుకుని వేగం తగ్గించేస్తుంది. ఈ అనుమానానికి ఒక కథ ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య, 400 గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. డేటా అంతా ఒక్కసారిగా తోసుకోవడమే కారణం. ప్యాకెట్ (డేటాను విడగొట్టి పంపే చిన్న ముక్క) పోతే వెనక్కి తగ్గాలని వాన్ జాకబ్సన్ 1988లో మందు చెప్పారు. తీగలకు మంచి మందే. గాల్లో మాత్రం ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేసినట్టు.

కబురు బొత్తిగా ఆగిపోతే ఇంకా అన్యాయం. సర్వర్ ఒక సెకను చూసి మళ్లీ పంపిందనుకుందాం. తర్వాత రెండు సెకన్లు, ఆపైన నాలుగు ఆగుతుంది. అంటే ప్రయత్నాలు ఒకటో, మూడో, ఏడో సెకన్లలో. సిగ్నల్ నాలుగో సెకనుకే తిరిగొచ్చినా ఏడు దాకా ఎదురుచూపే. ఆపైన కూడా ఒక్క ప్యాకెట్‌తో మొదలెట్టి మెల్లగా పుంజుకోవాలి.

2016లో గూగుల్ తెచ్చిన బీబీఆర్ అనే పద్ధతి, ప్యాకెట్ పోయిందా అని కాక దారి ఎంత మోయగలదో కొలిచి పంపుతుంది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే మరో పద్ధతి తీర్చేది వేరే బాధ. ఇంటి వైఫై వదిలి గేటు దాటితే ఫోన్ ఐపీ చిరునామా మారుతుంది, టీసీపీ కనెక్షన్ తెగుతుంది. క్విక్ కనెక్షన్‌కి సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి చిరునామా మారినా కొనసాగగలదు.

కాజీపేటలో బండి ఆగింది. వీడియో దానంతటదే కదిలింది. "చూశారా, ఇక్కడ టవరుంది" అన్నారు పెద్దాయన.