గ్రహణం తప్పదు, ఊరే తప్పుతుంది

2019 డిసెంబరు 26 ఉదయం అనంతపురంలో మా మిద్దె మీద నలుగురం చేరాం. అందరి చేతుల్లో గ్రహణం కళ్ళద్దాలు. కింద మా అక్క ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి రోకలి నిలబెట్టే పనిలో ఉంది. రోకలి నిలబడింది. మరుసటి రోజు, గ్రహణం లేనప్పుడు కూడా నిలబడింది. ఆ రెండో సంగతి అక్కకు అంతగా నచ్చలేదు.

సూర్యుడు మూడొంతులకు పైగా మూసుకుపోయి నెలవంకలా మిగిలినప్పుడు మేనల్లుడు అడిగాడు.

"మామా, మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"వచ్చే జూన్‌లో."

"అట్ల కాదు. మన అనంతపురం మీదనే, పట్టపగలు పూర్తిగా చీకటయ్యేది ఎప్పుడు? వెయ్యేళ్ళ తర్వాతవి కూడా ఇప్పుడే చెప్తారంట కదా?"

"చెప్తార్లేరా" అని కిందికి తీసుకుపోయాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, నేను చెప్పింది సగమే నిజమని. వెయ్యేళ్ళ తర్వాతి గ్రహణం ఏ రోజున పడుతుందో చెప్పగలరు. అది అనంతపురం మీద పడుతుందా, కడప మీద పడుతుందా అంటే మాత్రం తడబడతారు. మామూలుగా మనం అనుకునేదానికి ఇది తలకిందులు కదా!

జరగబోయేది చెప్పడం మా సీమకు కొత్తేం కాదు. బనగానపల్లె రవ్వలకొండలో బ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని, కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళం. అయితే బసవన్న ఏ తేదీన లేస్తాడో ఎవరూ చెప్పలేదు. గ్రహణం లెక్క తేదీతో సహా చెబుతుంది, గంటలూ నిమిషాలూ చెబుతుంది. అందుకే అది తప్పో ఒప్పో తేలిపోతుంది.

ఆ లెక్కకు మూలం మన పంచాంగంలోనే ఉంది. సూర్యుడు ఆకాశంలో నడిచే దారి ఒకటి, చంద్రుడి దారి ఇంకొకటి. రెండింటి మధ్య 5 డిగ్రీలకు కొంచెం పైగా వాలు. అందుకే ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదు, చంద్రుడు చాలాసార్లు సూర్యుడికి పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రెండు దారులూ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లు రెండే. ఒకటి రాహువు, రెండోది కేతువు. పామూ కాదు, గ్రహమూ కాదు, రెండూ నాలుగు రోడ్ల కూడళ్ళలాంటివి. అమావాస్య నాటికి సూర్యుడు కూడలి దగ్గర ఉంటేనే గ్రహణం. ఈ కూడళ్ళు ఒకచోట నిలవవు, వెనక్కి జరుగుతుంటాయి. రాహుకేతువులు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటారని జ్యోతిష్యులు చెప్పేది ఇదే. మొత్తం చుట్టు 18.6 ఏళ్ళు. గ్రహణం నీడల వల్లనే వస్తుందని ఆర్యభటుడు 499లోనే రాశాడు. కథ వేరు, లెక్క వేరు. ఆ రెండూ మన ఇళ్ళలో ఒకే గూట్లో ఉండటమే తమాషా.

ఇక మూడు రకాల నెలల లెక్క చూడండి. అమావాస్య నుంచి అమావాస్యకు 29.53 రోజులు. చంద్రుడు రాహువు దగ్గర బయల్దేరి మళ్ళీ రాహువును చేరడానికి 27.21 రోజులు. భూమికి బాగా దగ్గరికి వచ్చి, దూరం పోయి, తిరిగి దగ్గరికి రావడానికి 27.55 రోజులు. మొదటి నెల 223 సార్లు, రెండోది 242 సార్లు, మూడోది 239 సార్లు తిరిగేసరికి మూడూ ఇంచుమించు ఒకేచోట కలుస్తాయి. తేడా ఓ ఐదారు గంటలకు మించదు. అప్పటికి 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలు గడిచి ఉంటాయి (మధ్యలో లీపు సంవత్సరాలు ఎన్ని పడ్డాయో దాన్నిబట్టి ఒక రోజు అటూ ఇటూ). సూర్యుడూ చంద్రుడూ కూడలీ మళ్ళీ పాత అమరికకే వచ్చాయి కాబట్టి, పాత గ్రహణం లాంటిదే ఇంకొకటి వస్తుంది. దీనికి సారోస్ అని పేరు. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పురాతన బాబిలోను వాళ్ళకు ఇది తెలుసు.

ఈ చుట్టరికాన్ని ఒక కుటుంబంగా చూస్తే బాగా అర్థమవుతుంది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని, ప్రళయం వస్తుందని దేశమంతా వణికిపోయింది, యజ్ఞాలు చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 5న ఒక సంపూర్ణ సూర్యగ్రహణం పడింది. కాకపోతే అది న్యూగినీ మీదుగా పసిఫిక్ సముద్రంలోకి పోయింది, మనవాళ్ళు చూడలేదు. దానికి 18 ఏళ్ళ 11 రోజులు కలిపితే 1980 ఫిబ్రవరి 16. ఆ తేదీ నాకు బాగా గుర్తు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, గుత్తిలో ఉండేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం, వీధిలో మనిషన్నవాడు లేడు. జేజి నన్ను లోపల పెట్టి తలుపు గడియ వేసింది. "బయటికి పోయినావంటే కండ్లు పోతాయి" అంది. కిటికీ సందులోంచి వచ్చిన వెలుగు మాత్రం చూశాను. మధ్యాహ్నం ఎండ ఎవరో నీళ్ళు కలిపినట్టు పలచబడింది. ఆ రోజు చంద్రుడి నీడ కర్ణాటక తీరంలో నేలకెక్కి, రాయచూరు మీదుగా, హైదరాబాదు దగ్గరి జాపాల రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా కోణార్కు దాకా పోయింది. మా గుత్తి ఆ పట్టీకి దక్షిణాన మిగిలింది.

ఆ తర్వాతిది 1998 ఫిబ్రవరి 26, వెనెజువెలా, కరీబియన్ దీవుల వైపు. ఆ తర్వాత 2016 మార్చి 9, ఇండోనేషియా. ప్రతిసారీ చోటు మారడానికి కారణం చివర్లో ఉన్న ఆ 8 గంటలు. ఎనిమిది గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది, నీడ పడే చోటు అంత మేర పడమటికి జరుగుతుంది. మూడుసార్లు జరిగితే 24 గంటలు, మళ్ళీ మన వైపే. కాబట్టి 1980 గ్రహణానికి మునిమనవడు 2034 మార్చి 20న ఇండియాకే వస్తున్నాడు. అప్పటికి కాస్త ఉత్తరానికి జరిగి లడఖ్ మీద పడతాడు.

ఈ కుటుంబానికి పుట్టుక ఉంది, చావు కూడా ఉంది. కళ్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు ఏలుతున్న కాలంలో, 1096 ఆగస్టు 20న చిన్న పాక్షిక గ్రహణంగా మొదలైంది. 1475లో మొదటిసారి సంపూర్ణమైంది. 2232 జులై 18న చివరి సంపూర్ణ గ్రహణం. 2394 అక్టోబరు 25న 73వ గ్రహణంతో అయిపోతుంది. ఆ మూడు రకాల నెలల లెక్కలు అచ్చంగా కలవకపోవడం వల్ల ప్రతిసారీ మిగిలే చిన్న తేడా కూడుతూ కూడుతూ చివరికి నీడను భూమి అంచు దాటిస్తుంది.

లెక్క వేయడం ఒక ఎత్తు, ఆకాశంలో సరిచూడటం ఇంకో ఎత్తు. కర్నూలు నుంచి తుంగభద్ర, కృష్ణ దాటిపోతే వనపర్తి వస్తుంది. 1868 ఆగస్టు 18న అక్కడ దుర్భిణి పెట్టుకుని నిలబడినవాడు చింతామణి రఘునాథాచారి, మద్రాసు అబ్జర్వేటరీ ఉద్యోగి. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూశాడు, హీలియం కథ అక్కడే మొదలైంది. దాంతో పుస్తకాలన్నీ గుంటూరునే తలుస్తాయి, వనపర్తి మరుగున పడిపోయింది. నాకైతే రఘునాథాచారే ఎక్కువ నచ్చుతాడు. పాత సూత్రాలతో వేసే పంచాంగాలు ఆకాశానికి దూరమైపోతున్నాయని, కంటికి కనిపించేదానితో సరిపోయే దృగ్గణిత పంచాంగం వేశాడు.

ఇప్పటి లెక్కలు సారోస్ మీద ఆధారపడవు. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఒకదాన్నొకటి ఎంత లాగుతున్నాయో కంప్యూటరులో అడుగడుగునా కడతారు. అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి చంద్రుడి దూరం కొలుస్తారు. గ్రహణాల లెక్కల్లో పేరున్న ఫ్రెడ్ ఎస్పెనాక్, జీన్ మియస్ కలిసి క్రీ.పూ. 2000 నుంచి క్రీ.శ. 3000 దాకా అయిదు వేల ఏళ్ళలో వచ్చే సూర్యగ్రహణాలన్నీ లెక్కగట్టారు. మొత్తం 11,898. చంద్రుడి వైపు నుంచి పెద్ద పేచీ లేదు. పేచీ అంతా మన కాళ్ళ కింద ఉంది.

భూమి మంచి గడియారం కాదు. చంద్రుడి వల్ల సముద్రాలకు ఆటుపోట్లు వస్తాయి, ఆ నీళ్ళ రాపిడికి భూమి తిరుగుడు నెమ్మదిస్తుంది. వందేళ్ళకు రోజు పొడవు సెకనులో వెయ్యో వంతుకు పైగా, అలాంటి రెండు వంతులకు లోపు పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది రోజూ కూడుతుంది. మొదటి రోజు రూపాయి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఇలా హుండీలో వేస్తూ పోతే వంద రోజులకు 5,050 రూపాయలవుతాయి. వెయ్యి రోజులకు? 5,00,500. రోజులు పదింతలైతే సొమ్ము దాదాపు వందింతలైంది. భూమి వెనకబడటం కూడా ఇదే లెక్కన పెరుగుతుంది. సమంగా నడిచే గడియారానికీ భూమి తిరుగుడుకీ ఇప్పుడు తేడా 69 సెకన్లు. 3000వ సంవత్సరానికి అది 4,400 సెకన్లు దాటుతుందని ఒక అంచనా. అంటే గంటా పావు కంటే ఓ నిమిషం తక్కువ.

గంటా పావులో భూమి 18 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. ఈ తేడాను పట్టించుకోకుండా 3000లో నీడ కర్నూలు మీద పడుతుందని ఎవరైనా లెక్క కడితే, నిజంగా పడేది రంగూన్ దరిదాపుల సముద్రంలో. భూమి వెనకబడింది కాబట్టి, నీడ కిందికి కర్నూలు ఇంకా వచ్చి ఉండదు.

సరే, ఆ 4,400 కలిపేస్తే అయిపోయింది కదా? కాదు. అది అంచనా మాత్రమే. ఆటుపోట్ల లెక్క ఒక్కటే అయితే నమ్మకంగా చెప్పొచ్చు. మంచుయుగంలో హిమపు బరువుకు కుంగిన నేల ఇప్పటికీ పైకి లేస్తోంది, ధ్రువాల మంచు కరిగి నీళ్ళు భూమి నడుము (భూమధ్యరేఖ) వైపు చేరుతున్నాయి, భూమి కడుపులో కరిగిన ఇనుము తన ఇష్టం వచ్చినట్టు కదులుతోంది. వీటివల్ల భూమి ఒకప్పుడు నెమ్మదిస్తుంది, ఒకప్పుడు తొందరపడుతుంది. 1972 నుంచి గడియారాలకు 27 సార్లు ఒక్కో సెకను కలిపారు. 2016 చివర్లో కలిపాక మళ్ళీ ఆ అవసరం రాలేదు, ఎందుకంటే ఈ మధ్య భూమి కాస్త వేగం పుంజుకుంది. ముందుగా ఎవరూ చెప్పలేదు దీన్ని.

అనంతపురం, కడప దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. రేఖాంశంలో తేడా 1.2 డిగ్రీలు. తాడిపత్రి మీదుగా బస్సులో పోతే ఒక పూట ప్రయాణం, భూమికి మాత్రం అయిదు నిమిషాల పని. సంపూర్ణ గ్రహణం నీడ సాధారణంగా వంద, రెండు వందల కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. అంటే వెయ్యేళ్ళ అంచనాలో అయిదు నిమిషాలు తేడా వచ్చినా చాలు, అనంతపురానికి రాసిపెట్టిన చీకటి కడపకు పోవచ్చు. వెయ్యేళ్ళ మీద అయిదు నిమిషాల తేడా చాలా చిన్నది. అంతకంటే ఎక్కువే తప్పొచ్చు.

ముందుకు చూడటానికి వెనక్కి చూడటమే దారి. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న పగలు చీకటి పడిందని, శుక్రుడు, బుధుడు, నక్షత్రాలు కనిపించాయని బాబిలోను మట్టి పలకల మీద రాసి పెట్టారు. రోజు పొడవు ఎప్పుడూ ఇప్పటిలాగే ఉండేదనుకుని లెక్క కడితే ఆ నీడ 49 డిగ్రీలు పడమటికి, మధ్యధరా సముద్రం ఆ కొస దగ్గర పడాలి. పడింది బాబిలోను మీద. భూమి ఎంత నెమ్మదించిందో ఆ తేడా చెబుతుంది. మన సీమ శాసనాల్లోనూ సూర్యగ్రహణ పుణ్యకాలంలో భూదానం చేశామని రాసి ఉంటుంది. తేదీలు తేల్చడానికి అవి బంగారం. ఈ పనికి మాత్రం రావు. దానం ఇచ్చినవాడు చుక్కలు కనిపించాయా లేదా రాయడు. పంచాంగంలో గ్రహణం ఉంటే చాలు, ఊళ్ళో కనిపించకపోయినా దానం ఇచ్చేవాళ్ళు.

ఇంకా చాలా దూరం పోతే ఊరి సంగతి వదిలేయండి, సంపూర్ణ గ్రహణాలే ఉండవు. భూమి తిరుగుడు తగ్గినకొద్దీ చంద్రుడు దూరం జరుగుతాడు, ఏడాదికి 3.8 సెంటీమీటర్లు. యాగంటి బసవన్న ఇరవై ఏళ్ళకు అంగుళం పెరుగుతాడని మావాళ్ళు చెప్పుకుంటారు, చంద్రుడు ఒక్క ఏడాదిలోనే అంతకు మించి పోతున్నాడు. సూర్యుడు చంద్రుడి కంటే 400 రెట్లు పెద్ద, దూరం కూడా ఇంచుమించు 400 రెట్లు. ఆ పొత్తు వల్లనే ఇప్పుడు బింబం మీద బింబం సరిగ్గా అమరుతోంది. ఇంకో 60 కోట్ల ఏళ్ళకు చంద్రుడు 20 వేల కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయి, సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేనంత చిన్నగా కనిపిస్తాడు. ఇక ఎప్పుడు పట్టినా చుట్టూ కంకణం మిగులుతుంది. దీనికి తేదీ అడగొద్దు. ఆరు కోట్ల ఏళ్ళు దాటితే గ్రహాల దారుల లెక్కే నమ్మకంగా నిలవదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. "అయితే మన ఊరికి ఎప్పుడో చెప్పలేవు" అన్నాడు. ఒకే ఊరికి సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్ళకోసారి వస్తుందని, ఎదురుచూడటం కంటే అది పడే చోటికి మనమే పోవడం మేలని అన్నాను. 2034కు వాడు ఉద్యోగంలో ఉంటాడు. మార్చిలో జోజిలా కనుమ నిండా మంచు ఉంటుంది కాబట్టి రోడ్డు కుదరకపోవచ్చు, లేహ్ దాకా విమానమే. గ్రహణం సోమవారం పడింది, ముందు శని ఆదివారాలు కలిసొస్తాయని వాడు అప్పుడే లెక్క వేసేశాడు.