కుట్టలేని కందిరీగ

చిరంజీవులకు,

పువ్వు మీద పసుపు, నలుపు చారలు కనబడగానే కందిరీగ అని పరుగు తీస్తారు కదా. ఈసారి కాస్త దూరంగా నిలబడి దాని ముఖం చూడండి. మీసాలు మరీ పొట్టిగా, కళ్లు తలంతా ఆక్రమించినట్టు ఉంటే అది చాలావరకు హోవర్‌ఫ్లై అనే ఈగ. దీనికి రెక్కలు రెండే, కందిరీగకు నాలుగు. కానీ కదులుతున్న పురుగుకి రెక్కలు లెక్కపెట్టడం కష్టం, అందుకే ముఖం చూడమన్నాను.

ఈ ఈగల్లో దాదాపు 6,000 జాతులున్నాయి. నాకు మహా ఇష్టమైనవి స్పైలోమియా రకాలు. యూరప్‌లో వీటిలో కొన్ని చాలా అరుదైపోయాయి. వీటి వేషం ఎంత పకడ్బందీగా ఉంటుందంటే, కందిరీగకున్న పొడవాటి మీసాలు తమకు లేవు కాబట్టి, నల్లటి ముందుకాళ్లు రెండూ ముఖం ముందుకు ఎత్తి మీసాల్లా ఆడిస్తాయి! కందిరీగ వాలినప్పుడు రెక్కల్ని పొడవునా మడుస్తుంది, అవి సన్నటి ముదురు పట్టీల్లా కనిపిస్తాయి. ఈగకు అలా మడవడం రాదు. అయితే దాని రెక్క ముందు అంచు ముదురు గోధుమరంగులో, మిగతాది గాజులా పారదర్శకంగా ఉంటుంది. చూసేవాళ్లకు మడిచినట్టే అనిపిస్తుంది. కుట్టే ముల్లు మాత్రం లేదు.

ఇది ఈగ ఆలోచించి వేసిన వేషం కాదు. ఒకసారి కుట్టించుకున్న పక్షి ఆ చారల జోలికి మళ్లీ పోదు. కాబట్టి తరతరాలుగా, కందిరీగను ఎక్కువ పోలిన ఈగలే ఎక్కువగా బతికి గుడ్లు పెట్టాయి. అమెజాన్ సీతాకోకచిలుకల్లో ఇలాంటి అనుకరణను ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ 1862లో వివరించాడు. ఇందులో ఒక మెలిక ఉంది. అసలు కందిరీగలు తగ్గిపోతే పక్షులకు భయం పోతుంది. అంటే కందిరీగలు బాగుంటేనే ఈ ఈగకూ క్షేమం.

నాకు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. స్పైలోమియా పిల్లపురుగులు ముసలి చెట్ల తొర్రల్లో, తడిగా కుళ్లిన చెక్కలో పెరుగుతాయి. తొర్ర పడిన చెట్టు ఎందుకులే అని కొట్టేస్తే వాటికి ఇల్లే లేకుండా పోతుంది. యూరప్‌లో 890 హోవర్‌ఫ్లై జాతుల్ని పరిశీలించి, 314 జాతులు ముప్పులో ఉన్నాయని 2022లో తేల్చారు.

చేతులు కట్టుకుని కూర్చోనివాళ్లూ ఉన్నారు. స్కాట్లాండ్‌లో దాదాపు కనుమరుగైన పైన్ హోవర్‌ఫ్లై కోసం, నరికిన పైన్ చెట్ల మొద్దుల్లో గుంతలు తొలిచి చెక్కపొట్టు నింపారు. ఈగలు వచ్చి అక్కడ గుడ్లు పెట్టాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య